చప్పట్లు కొట్టదగిన మాటయా?

మధుర, కోయంబత్తూరు పాతపేటలలోని మన ఇండ్లలో మగ్గము దిగిన పిమ్మట రాత్రివేళ తమిళ 'బిగ్ బాస్' చూచువారు కలరు. 2019 జూలైలో, మూడవ విడత పోటీయందు, రద్దీ బస్సులను గూర్చి నిర్వాహకులు కమల్ హాసన్ ప్రస్తావించుచుండగా, 'పరుత్తివీరన్' నటుడు శరవణన్ చేయి ఎత్తి, కళాశాల రోజులలో స్త్రీలను తాకుటకై తానును బస్సెక్కితినని చెప్పెను. అచ్చటి ప్రేక్షకులు చప్పట్లు కొట్టిరి! గాయని చిన్మయి మున్నగువారు ఖండించిరి. ఆయన క్షమాపణ చెప్పెను. అయినను ఆగస్టులో ఆయనను పోటీనుండి పంపివేసిరి.

ఒక్కనిని పంపివేసినంత మాత్రమున సంగతి తీరలేదని మా అభిప్రాయము. ఆ చప్పట్ల మాట యేమి? మన ఆడపడుచులును నూలు మిల్లులకు, కళాశాలలకు, చీరెల మూటలతో అంగళ్లకు బస్సులలోనే పోవుచున్నారు. వారిలో ఎవరైనను ఇంటికి వచ్చి ఇట్టి బాధ చెప్పుకొన్నచో, "నీవెందుకు పోతివి?" అని గద్దింపక, చెవియొగ్గి వినవలెను. మగపిల్లలకు చిన్ననాడే బుద్ధి గరపవలెను. నేతగాండ్రమైన మనకు వేరుగ చెప్పనేల? తెగిన పోగును మగ్గముమీదనే అతుకవలెను. మడతలో దాచిన లోపము అంగడిలో బయటపడక మానదు.