గొర్రె చెవి బిళ్ళ

"సర్కారు గొర్లు ఉత్తగనే ఇచ్చిందట గదా!" అని పట్నం చుట్టాలు అంటుంటారు. ఉత్తగ ఇవ్వలేదు. లెక్క చూద్దాం రండి.

2017 జూన్ 20న సిద్దిపేట జిల్లా కొండపాకలో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలు పెట్టింది. ఊళ్ళో గొర్రెల పెంపకందారుల సహకార సంఘం ఉంటుంది. అందులో గొల్ల, కురుమ కుటుంబాల వారు సభ్యులు. సంఘం పుస్తకంలో పేరు ఉన్నవారికే గొర్రెలు. అందరికీ ఒకేసారి ఇవ్వలేరు. కనుక చీటీలు తీశారు. కొందరికి ముందు, కొందరికి తర్వాత అన్నారు.

ఒక్కొక్కరికి 20 ఆడ గొర్రెలు, 1 పొట్టేలు. దీన్ని యూనిట్ అన్నారు. ధర 1,25,000 రూపాయలు. లారీ కిరాయి, దాణా, బీమా అందులోనే. నూటికి 75 రూపాయలు సర్కారు పెట్టింది. 25 రూపాయలు మనం కట్టాలి. అంటే సర్కారుది 93,750. మనది 31,250. ఆ సర్కారు వాటానే సబ్సిడీ అంటారు. అది మన చేతికి రాదు. గొర్రెలు అమ్మినవారి ఖాతాకు పోతుంది.

తర్వాత యూనిట్ ధర 1,75,000 అయింది. మన వాటా 43,750. మరి సర్కారు వాటా ఎంత? పలక తీసుకుని మీరే చెయ్యండి. 1,31,250 వచ్చిందా?

గొర్రెలను పక్క రాష్ట్రాల నుంచి తెచ్చారు. ఎందుకంత దూరం? మన ఊరి గొర్రెనే మనకు అమ్మితే మంద పెరగదు కదా!

ప్రతి గొర్రె చెవికి ఒక బిళ్ళ వేస్తారు. దాని మీద నెంబరు ఉంటుంది. "చెవికి పుండు అయితది, తీసేద్దామే" అన్నది ఒక అత్త. "వద్దత్తా, గొర్రె సచ్చిపోతే ఆ నెంబరు సూపిస్తెనే బీమా పైసలు" అన్నది కోడలు. కోడలి మాటే నిజం. బిళ్ళ పోతే ఆ గొర్రె మనదని చెప్పే సాక్ష్యం పోయినట్టే. బిళ్ళల నెంబర్లు ఒక నోటు బుక్కులో రాసి పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఈ నెంబర్లతోనే మోసమూ బయట పడింది. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ పేరు కాగ్. ఆ సంస్థ కాగితాలు తిరగేసింది. ఒకే బిళ్ళ నెంబరు రెండు చోట్ల కనిపించింది. గొర్రెలు తెచ్చామని రాసిన బండ్లలో కొన్ని లారీలే కావు. మోటారు సైకిళ్ళు, ఆటోలు, అంబులెన్సులు! మోటారు సైకిలు మీద మంద ఎట్లా వస్తుందో రాసినవారికే తెలియాలి.

గొర్రెలు అమ్మిన కాపరులకూ దెబ్బ తగిలింది. గుంటూరు వైపు కొందరు తమ గొర్రెల డబ్బు ఎవరి ఖాతాలోనో పడిందని ఫిర్యాదు చేశారు. 2024లో ఏసీబీ కేసు పెట్టింది. కాగితం మీద ఖాతా నెంబరు మారితే చాలు, మంద సొమ్ము మాయం. కనుక వేలిముద్ర వేసే ముందు, సంతకం చేసే ముందు ఆ నెంబరును మన పాసు బుక్కుతో అంకె అంకె సరి చూసుకోవాలి.

2023 చివర ప్రభుత్వం మారింది. పంపిణీ ఆగింది. అప్పటికే వాటా కట్టి గొర్రెలు రానివారు మా డబ్బు మాకివ్వండని అడిగారు. కొందరు ఆ 43,750 వడ్డీకి తెచ్చి కట్టారు. గొర్రె రాలేదు, వడ్డీ మాత్రం పెరిగింది.

మీ ఇంట్లో ఎవరైనా కట్టి ఉంటే ఆ డీడీ జిరాక్సు ఎక్కడుందో చూడండి. పెట్టె అడుగున ఉందా? దాని మీద పేరు, తేదీ, రూపాయలు మీరే చదవండి.