కొండబాటకు విద్యుత్ సైకిలు: ఎన్నుకొనుట, నడపుట

ఇటీవల మా విద్యార్థుల తల్లిదండ్రులు పలువురు మమ్ము కలిసికొని, “మా అబ్బాయి మోటారుగల కొండసైకిలు కావలెనని పట్టుపట్టుచున్నాడు. కొనవచ్చునా? కొన్నచో ఎట్టిది కొనవలెను?” అని అడుగుచున్నారు. హోసూరు, డెంకణికోట ప్రాంతములలో మనవారి పల్లెలకు పోవు అడ్డదారులు పెక్కులు రాళ్లతోను, మిట్టపల్లములతోను నిండియున్నవి. కావున ఈ విషయమును కొంత వివరించుట మా విధియని తలంచితిమి.

ముందుగా ముఖ్యమైన మాట చెప్పుదుము. మిట్ట యెక్కునపుడు మోటారు కాలికి తోడ్పడును. దిగునపుడు అది ఏమియు చేయజాలదు. అప్పుడు పిల్లవానిని కాపాడునవి మూడే: బ్రేకులు, టైర్లు, వాని వివేకము. ధర చూచునపుడును, నడక నేర్పునపుడును ఈ సత్యమును మరువరాదు.

ఈ సైకిలు చరిత్రయు ఇదియే చెప్పుచున్నది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి మరీన్ కౌంటీలో కొందరు యువకులు లావుపాటి టైర్లుగల పాత సైకిళ్లనెక్కి కొండదారులు దిగుచుండిరి. 1976లో అచ్చట “రీప్యాక్” అను దిగుడు పందెము మొదలైనది. దారి పొడవునను బ్రేకు వేయుటచే వెనుకచక్రపు హబ్బులోని గ్రీజు కాగిపోయెడిది. మరల గ్రీజు దట్టింపవలసి వచ్చెడిది గనుక ఆ దారికి ఆ పేరు కలిగినది. అనగా కొండసైకిలునకు తొలినాడే ఎదురైన చిక్కు బ్రేకుదే. 1993లో జపానుకు చెందిన యమహా సంస్థ తొక్కుడునకు తోడ్పడు మోటారుగల సైకిలును విక్రయమునకు తెచ్చినది. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో కొండసైకిలు పందెమునకు స్థానము లభించినది. ఈ రెండు విధముల సైకిళ్ల కలయికయే నేటి విద్యుత్ కొండసైకిలు.

చట్టము

కొనుటకు ముందు తల్లిదండ్రులు చట్టమును తెలిసికొనవలెను. మన దేశపు కేంద్ర మోటారు వాహనముల నియమములు, 1989 ననుసరించి తొక్కుడునకు తోడ్పడు మోటారు శక్తి 250 వాట్ల హద్దులో నుండి, వేగము గంటకు 25 కిలోమీటర్లు చేరునప్పటికి, లేక తొక్కుట మానినంతనే, మోటారు ఆగిపోవలెను. అధికృత పరీక్షాసంస్థ ఆ సంగతిని ధ్రువపరచియుండవలెను. అట్టిది మోటారు వాహనముగా పరిగణింపబడదు. రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కరలేదు.

ఆ హద్దు దాటినది, చూచుటకు సైకిలువలె నున్నను, చట్టమునకు మోటారు వాహనమే. 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణ ప్రకారము, మైనరు బాలుడు అట్టి వాహనముతో నేరము చేసినచో తండ్రికో, సంరక్షకునికో, వాహనపు యజమానికో మూడేండ్ల వరకు కారాగారశిక్షయు, 25,000 రూపాయల జరిమానాయు విధింపవచ్చును. కావున “లైసెన్సు అక్కరలేదు” అని అంగడివాడు నోటిమాటగా చెప్పినంత మాత్రమున నమ్మరాదు. పరీక్షాసంస్థ ధ్రువపత్రము చూపుమని అడుగవలెను. కొన్న తరువాత వేగపు హద్దును తొలగించు మార్పులు చేయింపరాదు.

మోటారు, బ్యాటరీ

మోటారు రెండు చోట్లనుండును. వెనుకచక్రపు హబ్బులో నుండునది చవక. సమమైన దారికి చాలును. పెడళ్ల నడుమ నుండునది ధర హెచ్చైనను కొండకు మేలు. ఏలయనగా దాని బలము గొలుసు ద్వారమున గేర్లకు చేరును. చిన్న గేరు వేసినచో మోటారునకును శ్రమ తగ్గును. హబ్బు మోటారునకు ఆ సౌకర్యము లేదు; నిట్రమైన ఎక్కుడులో మెల్లగా తిరుగుచు వేడెక్కును.

వాట్లొక్కటియే చూచిన చాలదు. త్రిప్పుబలమును న్యూటన్ మీటర్లలో చెప్పుదురు. మీటరు పొడవుగల కడ్డీ చివర కిలో బరువు వ్రేలాడదీసినచో కలుగు బలము సుమారు 10 న్యూటన్ మీటర్లు. కొండకై చేసిన నడిమి మోటార్లు 60 మొదలు 90 న్యూటన్ మీటర్ల వరకు ఇచ్చును. తొక్కుడు ఎంత గట్టిగా నున్నదో కొలిచి, దానికి తగినంతయే తోడ్పడు అమరిక గలదానిని ఎన్నుకొనుడు. పెడలు తిరుగుచున్నదా లేదా యను మాత్రమే గమనించు అమరిక రాళ్లలో ఒక్కుమ్మడిగా ముందునకు లాగును, అది ప్రమాదకరము.

బ్యాటరీపై వ్రాసిన వోల్టులను ఆంపియర్-అవర్లచే గుణించుడు. 36 వోల్టులు, 14 ఆంపియర్-అవర్లు అయినచో 504 వాట్-అవర్లు. ఇది మన యింటి మీటరులో అర యూనిట్టు. ఇది యెంతదూరము వచ్చునో పిల్లలచేతనే లెక్కింపజేయవచ్చును. బాలుడు 60 కిలోలు, సైకిలు 25 కిలోలు, మొత్తము 85. ఈ బరువును 300 మీటర్ల యెత్తునకు చేర్చుటకు సుమారు 70 వాట్-అవర్లు పట్టును. బురద, రాళ్ల ఒరపిడి, మోటారులో నగు నష్టము దీనికి అదనము. కావున సమతలమున చెప్పిన కిలోమీటర్ల లెక్క కొండలో చెల్లదు. సగము ఖర్చు కాకమునుపే తిరుగుముఖము పట్టుట మేలు. బ్యాటరీ అయిపోయిన సైకిలు 25 కిలోల బరువే గదా!

బ్రేకులు, టైర్లు, కొలత

మామూలు కొండసైకిలు సుమారు 14 కిలోలుండును. 40 కిలోల బాలుడు దాని నెక్కినచో మొత్తము 54. విద్యుత్ సైకిలైనచో 65. ఆపవలసిన శక్తి అయిదవవంతు పెరిగినది. వేగము రెట్టింపైనచో ఆ శక్తి నాలుగు రెట్లగును. కావున మోటారులో కొంత తగ్గించుకొనియైనను మంచి బ్రేకులు గలదానినే కొనుడు. నూనె ఒత్తిడితో పనిచేయు డిస్కు బ్రేకులు ఉత్తమము. డిస్కు వ్యాసము 180 మిల్లీమీటర్లకు తగ్గరాదు.

టైరు వెడల్పు 2.3 అంగుళములకు తక్కువ కారాదు. పట్టు గట్టిగా నుండవలెను. గాలి సామాన్యముగా 20 మొదలు 30 పౌండ్లు. ఎక్కువైనచో రాతిపై ఎగిరిపడును, మిక్కిలి తగ్గినచో రిమ్ము దెబ్బతినును. టైరు ప్రక్కన వ్రాసిన హద్దును దాటరాదు. ముందు మాత్రమే స్ప్రింగు ఫోర్కు గలది మన దారులకు చాలును. వెనుకను గూడ గలది సుఖమే, కాని బరువు, ధర, మరమ్మతు హెచ్చు.

“ఎదుగు పిల్లవాడు గదా” యని పెద్ద కొలత కొనుట చొక్కాలకు చెల్లును గాని సైకిలునకు చెల్లదు. అడ్డుకడ్డీకి ఇరువైపుల పాదములు నేలమోపి నిలిచినపుడు రెండు అంగుళముల సందు ఉండవలెను. మరియొక పరీక్ష: మోటారు ఆపి, సైకిలును పండుకొనబెట్టి, పిల్లవానిచేతనే లేవనెత్తించి, మిట్టమీదికి త్రోయింపుడు. ఆ పని చేయలేనివానికి ఆ సైకిలు ఇంకను తగదు. మామూలు సైకిలుపై ఆరితేరనివానికి మోటారు ఇయ్యరాదు.

నడపు విధము

ఎక్కుడు రాకమునుపే చిన్న గేరు వేయవలెను. గేరు మార్చునపుడు ఒక క్షణము తొక్కుడు సడలింపవలెను. లేనిచో మోటారు బలమునకు గొలుసు తెగును. ఎక్కునపుడు సీటు ముందుభాగమునకు జరిగి, ఛాతీ వంచినచో ముందుచక్రము పైకి లేవదు. జారుడు నేలపై మోటారు తోడ్పాటును తగ్గింపవలెను. పెంచినచో చక్రము అక్కడనే తిరుగును. బ్రేకు పట్టకుండ నిలిచియున్నపుడు పెడలుపై కాలు మోపరాదు. సైకిలు ముందునకు దుముకును.

దిగునపుడు సీటు తగ్గించి, రెండు పెడళ్లును సమముగా నుంచి, వాటిపై నిలిచి, నడుము కొంత వెనుకకు జరుపవలెను. మోచేతులు, మోకాళ్లు బిగియరాదు. చూపు ముందుచక్రముపై గాక, పోవలసిన చోటుపై నుండవలెను. రెండు బ్రేకులను గూడ మలుపునకు ముందే, మెల్లగా ఉపయోగింపవలెను. మలుపులో గట్టిగా నొక్కినచో చక్రము జారును. తలకు హెల్మెట్, చేతులకు తొడుగులు, మోకాళ్లకు కవచములు లేక బయలుదేరరాదు. ఒంటరిగా పంపరాదు.

అడవి సంగతి మరువరాదు. మన కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల అడవులలో ఏనుగులు సంచరించును. అందు కొంతభాగము 2014లో ఉత్తర కావేరి వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడినది. అటవీశాఖ అనుమతి లేనిదే అందు ప్రవేశింపరాదు. సద్దులేక వేగముగా వచ్చు సైకిలు మృగమునకును, నడుచువారికిని, పశువులకును హఠాత్తుగా ఎదురగును. నడుచువారికి దారి యిచ్చుట సైకిలువాని ధర్మము.

సంరక్షణ

బ్యాటరీని దానికై ఇచ్చిన చార్జరుతోనే, ఇంటివారు మేలుకొనియున్నపుడు, గుమ్మమునకు అడ్డుకాని చోట చార్జి చేయవలెను. ఎండలో నడిపి వచ్చినంతనే గాక, చల్లారిన పిదప చేయుట మంచిది. ఉబ్బినదానిని, గట్టిగా క్రిందపడినదానిని వాడరాదు. బురదను తడిగుడ్డతో తుడువుడు. పీచుగొట్టముతో నీరు చిమ్మరాదు. ప్రతి ప్రయాణమునకు ముందు బ్రేకు, గాలి, గొలుసు, చక్రపు బిగింపు చూచుట పిల్లవాని పని. వాడు చూచెనా యని అడుగుట తల్లిదండ్రుల పని.

యంత్రముతో వచ్చు సూచనల పుస్తకము సామాన్యముగా ఆంగ్లమున నుండును. దానిని చదివి, తెలుగున తల్లిదండ్రులకు వివరింపగలిగిన నాడే సైకిలు చేతికిత్తుమని పిల్లవానితో షరతు పెట్టుడు. తానేమి నడపుచున్నాడో మాతృభాషలో చెప్పగలవాడే దానిని నిజముగా గ్రహించినవాడు. వానికి మోటారు మిట్టల శ్రమను తగ్గించును. క్షేమముగా దిగివచ్చు విద్యను మాత్రము మనమే నేర్పవలెను.