డీఎన్‌ఏ సెన్సర్: కణం లోపల యాసిడ్ ఎంతుందో రంగు చూసి చెప్పేయొచ్చు.. ఎలాగంటే?

డీఎన్‌ఏ అనగానే పోలికలు, వారసత్వం, ఫోరెన్సిక్ టెస్టులే గుర్తొస్తాయి. కానీ అదే డీఎన్‌ఏతో బతికున్న కణం లోపల ఆమ్లత్వాన్ని కొలిచే బుల్లి సెన్సర్ తయారైంది.. అదీ మన బెంగళూరులోనే! నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌లో యమునా కృష్ణన్ బృందం 2009లో దీన్ని ప్రకటించింది. పేరు 'ఐ-స్విచ్'.

కణంలో యాసిడ్ ఎందుకు?

కడుపులో యాసిడ్ ఉన్నట్టే, మన కణాల్లో లైసోజోమ్ అనే చిన్న సంచులుంటాయి. కణంలోని చెత్త అరిగేది అక్కడే. కణద్రవం పీహెచ్ 7.2 దగ్గర ఉంటే, లైసోజోమ్‌లో 5 లోపే ఉంటుంది. పీహెచ్ ఒక్క పాయింట్ తగ్గితే ఆమ్లత్వం 10 రెట్లు పెరిగినట్టు. అంటే సంచి లోపల 100 రెట్లకు పైగా పులుపు! అది తగ్గితే ఎంజైములు సరిగ్గా పనిచేయవు, చెత్త పేరుకుపోతుంది.

ఎలా పనిచేస్తుంది?

ఐ-స్విచ్‌ను డీఎన్‌ఏతో చేసిన పట్టకారు అనుకోండి. దాని కొసల్లో సైటోసిన్ ఎక్కువ. ఆమ్లం తగిలితే ఈ కొసలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, పట్టకారు మూసుకుంటుంది. ఆమ్లం తగ్గితే తెరుచుకుంటుంది. రెండు వైపులా రెండు మెరిసే రంగులు అతికిస్తారు. తెరిచి ఉంటే ఆకుపచ్చ, మూసుకుంటే ఎరుపు ఎక్కువ.

రెండు రంగులెందుకు? ఒకటే ఉంటే, వెలుగు పెరిగింది ఆమ్లం వల్లా, సెన్సర్లు ఎక్కువ చేరడం వల్లా అన్నది తేలదు. రెండింటి నిష్పత్తి చూస్తే ఆ గందరగోళం ఉండదు.

ఇది పీహెచ్ 5.5 నుంచి 6.8 మధ్య పనిచేస్తుంది. కణం బయటి పదార్థాన్ని మింగాక, అది చేరిన సంచి క్రమంగా ఎలా పుల్లబడుతుందో మొదట పండ్ల ఈగ కణాల్లో చూశారు. 2011లో బతికున్న పురుగులోనూ కొలిచారు. తర్వాత ఇంకా పుల్లటి చోట్లకు సరిపోయే సెన్సర్లూ వచ్చాయి.

మనకేంటి లాభం?

గౌచర్, నీమన్-పిక్ లాంటి అరుదైన జబ్బుల్లో లైసోజోమ్‌లే దెబ్బతింటాయి. యమునా కృష్ణన్ 2014లో షికాగో యూనివర్సిటీకి వెళ్లారు. అక్కడి ఆమె బృందం 2019లో ఒక్కో లైసోజోమ్‌లో ఆమ్లత్వం, క్లోరైడ్ రెండింటినీ ఒకేసారి కొలిచి చూపింది. ఇది ఇంటి దగ్గర చేయించుకునే రక్త పరీక్ష కాదు.. మైక్రోస్కోప్ కావాల్సిన ల్యాబ్ సాధనం. కానీ తేడా ఏ సంచిలో వచ్చిందో కనిపిస్తే, మందు దాన్ని సరిచేస్తోందో లేదో కూడా అక్కడే చూడొచ్చు. అసలు ఉపయోగం అదే.