శాంతి చర్చలు

సాయుధ సంస్థతో ప్రభుత్వం నేరుగా కూర్చుని మాట్లాడటమే శాంతి చర్చలు. సాధారణంగా ముందు మెట్టు కాల్పుల విరమణ. 1986లో మిజోరంలో ఈ దారి ఒప్పందం దాకా వెళ్లింది; తిరుగుబాటు నేత లాల్‌డెంగా ముఖ్యమంత్రి అయ్యారు.

మన దగ్గర కథ వేరు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో నక్సలైట్ల నాయకత్వంలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరుకల్లా సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. చర్చల బల్ల దగ్గరికి రావడానికి 26 ఏళ్లు పట్టింది. ఎస్.ఆర్. శంకరన్ నేతృత్వంలోని పౌరస్పందన వేదిక ఇరువైపులా ఓపిగ్గా నచ్చజెప్పింది. ఆ శ్రమకు తెలుగునేల రుణపడి ఉంది. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో హోంమంత్రి జానారెడ్డి, మావోయిస్టు నేత రామకృష్ణ బృందాలు ఎదురెదురుగా కూర్చున్నాయి. భూపంపిణీ, ఊళ్లలో ఆయుధాలతో తిరగడం దగ్గర పీటముడి పడింది. 2005 జనవరిలో మావోయిస్టులు వైదొలిగారు. ఆగస్టులో వారి పార్టీపై నిషేధం మళ్లీ వచ్చింది.