వేలిముద్రకూ తాళం వేసుకోవాలి

షావుకారు ఇచ్చిన తెల్లకాగితం మీద నిశానీ వేసి, తరువాత దానిపై ఆయన ఏమి రాసుకున్నాడో తెలియక పొలాలు పోగొట్టుకున్నవారి కథలు పల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇప్పుడు ఆ షావుకారూ అక్కరలేదు, కాగితమూ అక్కరలేదు. రైతు చేలో కలుపు తీస్తుండగానే ఆయన వేలిముద్ర మరెక్కడో పడుతున్నది, ఖాతాలో సొమ్ము పోతున్నది.

అదెలాగో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో 2018లో బయటపడిన ఉదంతం చూస్తే తెలుస్తుంది. అక్కడ సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యాపారి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో అందరికీ కనపడేలా ఉన్న భూముల దస్తావేజులను దించుకున్నాడు. వాటిపై వేలిముద్రలూ ఉన్నాయి, ఆధార్ నంబర్లూ ఉన్నాయి. రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలోనే ఆ ముద్రలకు నకళ్ళు తయారుచేసి, ముక్కూ మొహం తెలియని వారి పేర్లమీద వేల సిమ్ములు తీశాడు. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా మరో అడుగు ముందుకు వేసింది. దస్తావేజుల నుంచి తీసిన ముద్రలతో ఏకంగా బ్యాంకు ఖాతాల్లోని డబ్బే లాగింది. పొలం తనదని రుజువు చేసే కాగితమే రైతు కొంప ముంచిందన్న మాట.

ఊళ్ళో చిన్న మిషను పట్టుకుని డబ్బులిచ్చే బ్యాంకు మిత్ర దగ్గర కావలసినవి మూడే: బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర. పిన్ నంబరు లేదు, ఓటీపీ లేదు. ఒక్కసారికి పది వేల రూపాయల వరకు వస్తుంది. పట్నం దాకా పోలేని ముసలివారికి ఇది నిజంగా మేలు చేసిన ఏర్పాటే, కాదనలేము. అయితే ‘నాకు ఏటీఎం కార్డే లేదు, నా డబ్బు ఎవడు తీస్తాడు’ అని ధీమాగా ఉన్నవారే ఇందులో ముందుగా చిక్కుతున్నారు. పాస్‌బుక్కు ఏడాదికోసారి కూడా అచ్చు వేయించరు. ఖాతాకు ఇచ్చిన ఫోను నంబరు ఎప్పుడో మూలపడి ఉంటుంది. డబ్బు పోయిన సంగతి ఎరువుల కోసం బ్యాంకుకు వెళ్ళిన రోజునగానీ తెలియదు.

దీనికి విరుగుడు ఉన్నది. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో వేలిముద్రలకు తాళం వేసుకోవచ్చు. ఆధార్‌కు జతచేసిన ఫోనుకు ఓటీపీ వస్తుంది. ఫోను నంబరు జతకాకపోతే ముందు ఆధార్ కేంద్రంలో ఆ పని చేయించుకోవాలి. సందేహాలకు 1947కు ఫోను చేయవచ్చు. తాళం పడిన తరువాత ఎవడు ఎంత నకలు ముద్ర వేసినా మిషను ఒప్పుకోదు.

చిక్కల్లా ఏమిటంటే, సొంతదారు వేలు పెట్టినా ఒప్పుకోదు! రేషను షాపులో, పింఛను దగ్గర అదే వేలు కావాలి కదా. వెళ్ళేముందు తాళం తీసుకోవాలి. కాసేపటికి అది తిరిగి దానంతటదే పడుతుంది. చదువుకున్న పిల్లలున్న ఇంట్లో ఇది రెండు నిమిషాల పని. ఫోను లేని ఒంటరి అవ్వకు మాత్రం నెలనెలా ఇంకొకరి గడప తొక్కడమే. ఊరూరా శిబిరం పెట్టి ఈ పని నేర్పితే అధికారులకు పోయేదేమీ లేదు. అంతవరకు అటువంటివారు ఆధార్ జతచేసిన ఖాతాలో అవసరానికి సరిపడా మాత్రమే ఉంచి, మిగతాది డిపాజిట్ చేసుకోవడం మంచిది.

ఒకవేళ డబ్బు పోతే పెద్దమనుషుల చుట్టూ తిరుగుతూ కూర్చోరాదు. వెంటనే 1930కి ఫోను చేసి, బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఖాతాదారు తప్పు లేకుండా బయటివారు చేసిన మోసమైతే, సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా తెలియజేసినవారిపై నష్టం పడరాదని రిజర్వు బ్యాంకు 2017లోనే ఉత్తర్వు ఇచ్చింది.

ఇక పేరు వాడుకుని అప్పులు తెచ్చేవారి సంగతి. ఆధార్ జిరాక్సు ఇవ్వక తప్పకపోతే దానిపై ఎందుకిస్తున్నదీ, ఏ తేదీన ఇస్తున్నదీ అడ్డంగా రాసి సంతకం చేయాలి. చివరి నాలుగు అంకెలే కనపడే ఆధార్ కూడా ఆ సంస్థ వెబ్‌సైటులో దొరుకుతుంది. తన పేరుమీద ఎక్కడెక్కడ అప్పులున్నాయో చూపే సిబిల్ నివేదిక ఏడాదికోసారి ఉచితం. పంట రుణానికి దరఖాస్తు పెట్టకముందే అది తీసి చూసుకోవాలి. పేరుమీద ఎన్ని సిమ్ములున్నాయో కేంద్రం 2023లో తెచ్చిన సంచార్ సాథీలో కనపడుతుంది. తనది కాని నంబరు ఉంటే అక్కడే ఆ మాట తెలియజేసి రద్దు కోరవచ్చు.