కాలేయ సిరోసిస్: అల్ట్రాసౌండ్ ఏం చెబుతుంది, ఏం చెప్పలేదు?

కడుపు స్కానింగ్ నివేదికలో ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అనే మాట నేడు చాలా కుటుంబాలకు పరిచితమే. గ్రేడ్ 1 అని ఉంటే ఊరట చెందడం, గ్రేడ్ 3 అని ఉంటే బెంబేలెత్తడం పరిపాటి. నిజానికి ఆ గ్రేడు తెలిపేది కాలేయంలో కొవ్వు ఎంత పేరుకుందో మాత్రమే. రోగి భవిష్యత్తును ప్రధానంగా నిర్ణయించే మచ్చ కణజాలం సంగతి అందులో ఉండదు.

మద్యపానం, హెపటైటిస్ బి, సి వైరస్‌లు, అధిక కొవ్వు ఏళ్ల తరబడి కాలేయ కణాలను దెబ్బతీస్తే ఆ చోట పీచులాంటి కణజాలం ఏర్పడుతుంది. ఇదే ఫైబ్రోసిస్. అది ముదిరి కాలేయమంతా గడ్డలు గడ్డలుగా మారితే సిరోసిస్. కామెర్లు, పొట్టలో నీరు, రక్తపు వాంతులు వంటి లక్షణాలు సాధారణంగా బాగా ఆలస్యంగా కనిపిస్తాయి.

మామూలు అల్ట్రాసౌండ్ ముదిరిన సిరోసిస్‌ను చాలావరకు గుర్తించగలదు. కాలేయపు అంచు ఎగుడుదిగుడుగా మారడం, ప్లీహం ఉబ్బడం, పోర్టల్ సిర వెడల్పు కావడం ఇందుకు ఆనవాళ్లు. డాప్లర్ పద్ధతిలో ఆ సిరలోని రక్తప్రవాహ వేగాన్ని, దిశను కూడా చూస్తారు. తొలి దశల ఫైబ్రోసిస్ మాత్రం దీనికి చిక్కదు. అందువల్ల స్కాన్ ‘నార్మల్’ అని వచ్చినంత మాత్రాన కాలేయం క్షేమమని చెప్పలేం. బయాప్సీకి సూదితో తీసే ముక్క మొత్తం కాలేయంలో దాదాపు 50 వేలవ వంతు మాత్రమే; పైగా నొప్పి, అరుదుగా రక్తస్రావం తప్పవు.

ఈ లోటును తీర్చడానికి వచ్చినదే ఎలాస్టోగ్రఫీ. మామిడికాయ పండిందో లేదో వేలితో నొక్కి చూసినట్లే, ఇది కాలేయపు గట్టిదనాన్ని కొలుస్తుంది. పారిస్‌కు చెందిన ఎకోసెన్స్ సంస్థ రూపొందించిన ఫైబ్రోస్కాన్ ఇందులో ప్రసిద్ధం. కుడి పక్కటెముకల మధ్య ప్రోబ్ ఉంచి చిన్న తట్టు తడతారు. ఆ ప్రకంపన గట్టి కణజాలంలో వేగంగా, మెత్తని దానిలో నెమ్మదిగా సాగుతుంది. అల్ట్రాసౌండ్ ఆ వేగాన్ని పసిగడుతుంది. పది కొలతల మధ్యస్థ విలువను కిలోపాస్కల్‌లలో ఇస్తారు. పొట్టలో నీరు చేరినవారిలో ఈ తట్టు కాలేయాన్ని చేరదు. ధ్వని తరంగాలతోనే కాలేయంలో ప్రకంపన పుట్టించే షియర్ వేవ్ పద్ధతి అలాంటి వారిలోనూ పనిచేయగలదు.

బవేనో అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం, ఇతర లక్షణాలేవీ లేనప్పుడు, 10 కంటే తక్కువ వస్తే ముదిరిన వ్యాధి లేదనే భావించవచ్చు. 10 నుంచి 15 మధ్య ఉంటే అనుమానించాలి. 15 దాటితే ముదిరిన వ్యాధికి అవకాశం చాలా ఎక్కువ. విలువ 20 లోపు, ప్లేట్‌లెట్లు 1.5 లక్షలకు పైన ఉన్నవారికి అన్నవాహికలో ఉబ్బిన సిరల కోసం ఎండోస్కోపీ వెంటనే చేయనక్కరలేదు.

అయితే గట్టిదనమంతా మచ్చ వల్లనే రాదు. భోజనం చేయగానే కాలేయానికి రక్తప్రవాహం పెరిగి అంకె పెరుగుతుంది. అందుకే కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు. తీవ్రమైన హెపటైటిస్, గుండె వైఫల్యం, పిత్తవాహికలో అడ్డంకి ఉన్నా అంతే. మద్యం మానేసిన కొద్ది వారాల్లోనే విలువ తగ్గిన సందర్భాలూ ఉన్నాయి. కారణమేమిటో యంత్రానికి తెలియదు కనుక, రక్తపరీక్షలు చూడకుండా ఒక్క అంకెతో సిరోసిస్ ముద్ర వేయడం సరికాదు.

ఈ యంత్రం అన్ని ఊళ్లలోనూ లేదు. వయసు, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్ల సంఖ్యతో లెక్కగట్టే ఫిబ్-4 సూచికకు మామూలు రక్తపరీక్షలే చాలు. అది 1.3 లోపు ఉంటే ముదిరిన ఫైబ్రోసిస్ అవకాశం తక్కువ. 65 ఏళ్లు దాటినవారికి ఆ హద్దు 2. అంతకు మించినవారిని ఎలాస్టోగ్రఫీకి పంపవచ్చు. మధుమేహం, స్థూలకాయం ఉన్నవారు స్కాన్ గ్రేడు ఎంతున్నా ఈ లెక్క వేయించుకోవడం మేలు. కేంద్ర ప్రభుత్వం కూడా 2021లో ఫ్యాటీ లివర్‌ను అసంక్రమిత వ్యాధుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది.

సిరోసిస్ నిర్ధారణ అయ్యాక మామూలు అల్ట్రాసౌండ్ మళ్లీ కీలకమవుతుంది. కాలేయ క్యాన్సర్‌ను చిన్న గడ్డగా ఉన్నప్పుడే పట్టుకునేందుకు ప్రతి ఆరు నెలలకు ఒకసారి ఆ స్కాన్ చేయించుకోవాలి.