ఎదిగే పిల్లల చిగుళ్ల నుంచి రక్తం వస్తే...

"బ్రష్ చేస్తే రక్తం వస్తోందండి, అందుకే నాలుగు రోజులుగా మాన్పించాం" – పన్నెండు, పదమూడేళ్ల పిల్లలను తీసుకొచ్చే తల్లులు మాతో తరచుగా అనే మాట ఇది. వేడి చేసిందని కొందరు మజ్జిగ తాగిస్తారు. కొందరు విటమిన్ మాత్రలు కొనిపెడతారు. ఇదంతా పిల్లల మీద ప్రేమతో చేసేదే. కానీ బ్రష్ మాన్పించడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ.

ఎందుకిలా జరుగుతుంది?

యుక్తవయసులో ఆడపిల్లలకు, మగపిల్లలకు కూడా శరీరంలో హార్మోన్లు పెరుగుతాయి. వాటి ప్రభావంతో చిగుళ్లకు రక్తప్రసరణ ఎక్కువై, అవి సున్నితంగా తయారవుతాయి. పంటి మొదట్లో కొద్దిపాటి పాచి ఉన్నా చిగురు ఎర్రబడి, ఉబ్బి, తాకగానే రక్తం వస్తుంది. కొందరు అమ్మాయిలకు నెలసరికి ముందు రోజుల్లో ఇది ఎక్కువై, తర్వాత తగ్గుతుంది.

హార్మోన్లు వాపును పెంచుతాయే గాని, అసలు కారణం పాచి. ఎదుగుదలను మనం ఆపలేం, ఆపకూడదు. పాచిని మాత్రం రోజూ తీసివేయగలం. బ్రష్ మానేస్తే పాచి పెరుగుతుంది, రక్తమూ పెరుగుతుంది. పాచి గట్టిపడి గారగా మారితే బ్రష్‌తో పోదు.

ఏం చేయాలి?

1. మెత్తని బ్రష్, ఫ్లోరైడ్ పేస్టుతో ఉదయం, రాత్రి పడుకునే ముందు రెండేసి నిమిషాలు తోముకోవాలి. నెలసరి రోజుల్లోనూ మానకూడదు.
2. బ్రష్‌ను చిగురు అంచువైపు ఏటవాలుగా పెట్టి నెమ్మదిగా కదపాలి. గట్టిగా రుద్దకూడదు.
3. బొగ్గు, ఇటుక పొడి వాడవద్దు. ఉప్పునీటితో పుక్కిలిస్తే ఉపశమనం ఉంటుంది గాని, అది బ్రష్‌కు బదులు కాదు.
4. పళ్లకు క్లిప్పులు ఉన్న పిల్లలు మరింత శ్రద్ధగా శుభ్రం చేసుకోవాలి.

ఇలా చేస్తే సాధారణంగా ఒకటి రెండు వారాల్లో రక్తం తగ్గుతుంది. తగ్గకపోతే దంతవైద్యుని దగ్గర గార తీయించాలి. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్నది అపోహ మాత్రమే.

ఆలస్యం చేయకూడనివి

ముందు పళ్లు లేదా దవడ పళ్లు కదులుతుంటే, పళ్ల మధ్య కొత్తగా సందులు వస్తుంటే వెంటనే చూపించండి. ఈ వయసులోనే ఎముకను తినేసే చిగుళ్ల జబ్బు కొందరికి వస్తుంది. పైకి పాచి అంతగా కనిపించకపోవచ్చు. రక్తంతో పాటు జ్వరం, నీరసం, ఒంటిమీద కమిలిన మచ్చలు ఉంటే రక్తపరీక్ష తప్పనిసరి. అది రక్తానికి సంబంధించిన పెద్ద జబ్బు కావచ్చు.

చివరిగా తల్లిదండ్రులకు ఒక మనవి. నోటి వాసన గురించి నలుగురిలో పిల్లలను చిన్నబుచ్చకండి. ఆ వయసులో ఆ మాట చాలా నొప్పిస్తుంది, సమస్యను దాచుకునేలా చేస్తుంది. రాత్రి ప్రార్థన ముగిశాక మీరు బ్రష్ తీసుకుని వారినీ పిలవండి. దేవుడు మనకు అప్పగించిన బిడ్డలకు మాటకన్నా మన అలవాటే మంచి పాఠం.